అక్కగారి గోడ మీద నాలుగు గీతలు

నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో రాసిపెట్టుకునే ఊళ్ళు నేను చాలానే చూశాను. ఒక ఊళ్ళో వంతెన స్తంభం మీద గీతలు చెక్కారు. ఇంకో ఊళ్ళో బడి తలుపుకి మేకు కొట్టారు. తలుపు పాతబడి మార్చేసినప్పుడు మేకూ పోయింది, మేకుతోపాటు వరదా పోయింది. ఇప్పుడక్కడ ఎవరినడిగినా మా ఊరికి నీళ్ళేమిటండీ అంటారు. కానీ ఇంటింటి గోడకీ ఒక నీలం గీత, ఆ గీతలన్నిటికీ కలిపి ఒక మనిషి ఉన్న ఊరు మాత్రం ఇదొక్కటే.

ఆ మనిషి ఇళ్ళకు రంగులు వేస్తాడు. ఊరంతా గీతల బాబాయి అంటారు. ఆయన పక్క వాటాలో నేను అద్దెకు దిగి ఏడాదైంది, కాబట్టి ఇదంతా దగ్గర్నుంచి చూసినవాణ్ణే.

గోడ గీకి, లప్పం పెట్టి, రెండు పూతలు వేశాక గీత ఎలాగూ మూసుకుపోతుంది. దాన్ని మళ్ళీ అక్కడే వేయాలి. అందుకు బాబాయి దగ్గర ఒక పొడుగు కర్ర ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. ముప్ఫయ్యేళ్ళ కిందట, వరద తర్వాత మొదటిసారి రంగు వేసినప్పుడు పెట్టిన గాట్లవి. కర్రని గోడ మొదట్లో రోడ్డు మీద నిలబెడతాడు, ఆ ఇంటి గాటు దగ్గర నీలం పొడి అద్దిన దారం పట్టి టప్పున వదులుతాడు. గీత పడుతుంది. మళ్ళీ కొలవాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

మొన్న వేసవిలో వరద ముంపు సర్వేకని ఒకమ్మాయి వచ్చింది. గీత కిటికీ అడుగుని దాటి ఉన్న ఇళ్ళు జాబితాకెక్కుతాయట. జాబితాకెక్కిన ఇంట్లో వానలు మొదలయ్యేలోపు కింది వాటా ఖాళీ చెయ్యాలి. బాబాయి అక్కగారి ఇంటి మీద గీత కిటికీ అడుగుకి బెత్తెడు పైన ఉంది. ఆవిడ కుట్టుమిషను కింది గదిలో, వీధి వైపు. మేడ మీద ఉన్నది ఒకటే గది, మెట్లు నిట్టనిలువు. ఆవిడ దగ్గర కుట్టించుకునేవాళ్ళలో సగంమందికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ భర్త, బావగారికైతే ఒక కాలు అసలు వంగదు.

"అబద్ధం! నీళ్ళు నా నడుము దాకా వచ్చాయి, అంతే," అంది అక్కగారు. "నా నడుము కిటికీకి కిందే ఉందా లేదా? కావాలంటే కొలుచుకోమ్మా!"

"అప్పటి నడుమా, ఇప్పటి నడుమా?" అన్నాడు బావగారు కుర్చీలోంచి.

"మీరు నోరు మూసుకోండి."

సర్వే అమ్మాయి నవ్వలేదు. బాబాయి వైపు తిరిగి, ఎదురుగా ఉన్న మందుల షాపు చూపించింది. "తాతగారూ, ఆ గోడ మీద గీత జానెడు కిందకుంది. అదే వరద, అదే వీధి. నీళ్ళు ఇటు ఎక్కువా అటు తక్కువా నిలబడతాయా?"

బాబాయి రోడ్డు దాటి వెళ్ళి ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. ఆ అమ్మాయి మూడు రోజుల్లో వస్తానని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన మేస్త్రీల లెవెల్ పైపు తెచ్చాడు, నీళ్ళు నింపిన సన్నటి గొట్టం. ఒక కొస నా చేతికిచ్చాడు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొలిచాం. ఏ రెండు గీతలూ కలవలేదు. ఆయన మొహం చూస్తే జాలేసింది. ప్రతి గోడ దగ్గరా "ఇది నేనే వేశాను" అనేవాడు, మళ్ళీ "నేనే వేశానా?" అనేవాడు. మందుల షాపు దగ్గర ఆగాడు. దానికి పాతికేళ్ళుగా రంగే వేయలేదు.

"రోడ్డు!" అన్నాడు ఒక్కసారిగా.

నిజమే. ఆ పాతికేళ్ళలో రోడ్డు మీద రోడ్డు ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. రోడ్డు లేచినప్పుడల్లా కర్ర లేచింది, కర్రతోపాటు గీత లేచింది. ఎవరు ఎక్కువసార్లు ఇంటికి ముచ్చటగా రంగులు వేయించుకుంటే వాళ్ళ గోడ మీద వరద అంత ఎత్తు పెరిగింది!

నేరుగా అక్కగారి గోడకే వెళ్ళి గీకడం మొదలుపెట్టాడు. పైన కనబడేదాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి బయటపడ్డాయి. మూడూ ఆయన చేతివే. అన్నిటికన్నా అడుగున, కిటికీకి జానెడు కింద, నల్లటి తారు గీత.

"చూశావా!" అంది అక్కగారు. "నా నడుమే! ఆ పిల్ల వచ్చినప్పుడు చూపించు. పీడ వదిలిపోతుంది."

"అది మేస్త్రీ గీసింది," అన్నాడు బావగారు. "పాత గోడ నీళ్ళలో కూలిపోతేనే కదా ఇది కట్టించాం. మీ అక్క నడుము మీద చెయ్యి పెట్టి ఇక్కడిదాకా అంది. ఆవిణ్ణి నేల మీద నిలబెట్టి గీశాడు." భార్య వైపు తిరిగాడు. "కానీ నీళ్ళొచ్చినప్పుడు నువ్వు బల్ల మీద నిలబడ్డావు కదే?"

"మీరెక్కడ చూశారు? మీరు ఊళ్ళోనే లేరు."

"లేనా? మరి నిన్ను దింపిందెవరు?"

అక్కగారు తారు గీత పక్కన నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "బల్ల ఎక్కాను," అంది. "ఎక్కింది నిజమే. కానీ నడుము దాకా వచ్చాక ఎక్కానా, ఎక్కాకే నడుము దాకా వచ్చాయా?" మా ముగ్గురి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది, మాకేదో తెలిసినట్టు.

జ్ఞాపకం గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను. ఆ ప్రశ్నకు పనికొచ్చే ముక్క ఒక్కటీ నాకు తట్టలేదు.

మూడోరోజు సర్వే అమ్మాయి వచ్చి గోడ ముందు నిలబడింది. "ఏ గీత రాసుకోమంటారు తాతగారూ? మీరు చెప్పిందే రాస్తాను. తేలకపోతే మాత్రం పై గీతే రాయాలి, అది మా రూలు."

అక్కగారు తమ్ముడి వంక చూస్తోంది. కింది గీత అని రెండు ముక్కలు చాలు. ఈ ఊళ్ళో గీత సంగతిలో ఆయన మాటకు ఎదురు మాట ఎన్నడూ లేదు. ఆయన గీకుడు రేకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కింద ఉన్నది మా అక్క నడుమమ్మా. మా అక్క అప్పుడు నేల మీద ఉందో బల్ల మీద ఉందో ఆవిడకే తెలియదు. పైవన్నీ నా తప్పులు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో నాకు తెలియదు."

ఆ అమ్మాయి పై గీత రాసుకుంది. అక్కగారు లోపలికెళ్ళి తలుపేసుకుంది.

రెండు వారాలు తమ్ముడితో మాట్లాడలేదు. మొదటి మబ్బు పట్టిన రోజు మాత్రం కబురు పెట్టింది. మేం వెళ్ళేసరికి గుడ్డల మూటలన్నీ మేడెక్కేశాయి. మిషనొక్కటే మిగిలింది. ముందు బాబాయి, వెనక నేను. ఆరో మెట్టు మీద ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"ఇక్కడ మలుపులో పెట్టేస్తే సరిపోదుటే అక్కా? వచ్చేవాళ్ళు ఆరు మెట్లయితే ఎక్కగలరు."

"నీళ్ళు ఇంతదాకా రావంటావా?"

"తెలియదే."

"ఒక్కదానికైనా తెలుసునని ఏడవవేంరా?" అంది. చీర చెంగు దోపుకుని తనూ ఒక పక్క పట్టుకుంది. "ఊఁ, ఎత్తు."

కింద కుర్చీలోంచి బావగారు అరుస్తున్నాడు: "నన్నెప్పుడు ఎక్కిస్తారు? మిషను ముందా, నేను ముందా?"

ఏడో మెట్టు మీద ఆవిడ ఆగి, కిందికి చూసి, "ఇంకొక మెట్టు," అంది.