దూరం పోయే లైటు

"అక్కా, ఇది కొడితే అడవి అవతలి దాక కనవడ్తది." అచ్చంపేట బజారులో ఎవరైనా ఈ మాట అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట నమ్మి నేను మోసుకొచ్చిన టార్చిలైట్లన్నీ ఒక్కచోట పోస్తే గంపకెత్తొచ్చు.

చైనా ఎల్‌ఈడీ టార్చిలు మా దిక్కు కొత్తగా దిగిన రోజులవి. అంతకు ముందు అందరి ఇళ్ళలో లావు సెల్లులు వేసే రేకు టార్చిలే ఉండేవి. మేము నల్లమల అంచున ఒక చెలక కౌలుకు చేస్తున్నాం. వానాకాలం పంట ఎండిపోయింది. యాసంగిలో బోరు నీళ్ళ కింద వేసిన పల్లి చేనొక్కటే మాకు దిక్కు. అది కూడా చేతికి రాకపోతే వచ్చే ఏడు భూమి వేరేవాళ్ళకు ఇస్తానని ఆసామి మొహం మీదే చెప్పేశాడు.

ఊడలు దిగి కాయ పట్టే సమయానికి అడవి పందులు మొదలుపెట్టాయి. పల్లి కాయ పట్టిన సంగతి రైతు కంటే ముందు వాటికే తెలుస్తుంది కాబోలు. ఒకరోజు పొద్దున పోయి చూస్తే అడవి వైపు మూలంతా నాగలి పెట్టి దున్నినట్టు తిరగబడి ఉంది. ఆ మట్టిలో కూర్చుని అవి వదిలేసిన కాయలు ఏరుకుంటూ ఏడ్చాను. మా ఆయన ఆ సాయంత్రమే చేను మధ్యలో మంచె కట్టి రాత్రి కాపలా మొదలుపెట్టాడు.

మంచె ఒక్కటే ఉంటే చాలదు. పంది ఇంకా కంచె బయట ఉండగానే దాని మొహం మీద లైటు కొట్టి అరవాలి. అప్పుడే బెదిరి వెనక్కి తిరుగుతుంది. ఒకసారి పల్లి మీద నోరు పడిందా, ఇక గొంతు చించుకున్నా కదలదు. మా రేకు టార్చి వెలుతురు చేను సగానికి కూడా పోయేది కాదు. అందుకని దూరం పోయే లైటు కోసం నేను బస్సెక్కాను.

టార్చి కొనడానికి మా దిక్కు ఒక పద్ధతి ఉంది. అద్దం మీద అరచెయ్యి మూసి వెలిగిస్తారు. వేళ్ళ సందుల్లో చర్మం ఎంత ఎర్రగా మెరిస్తే లైటు అంత గట్టిదని లెక్క. నేనూ అట్లాగే మూసి చూశాను. చెయ్యి నిప్పు కణికలాగా ఎర్రబడింది. "బల్బులు ఎన్ని ఎక్కువుంటే గంత దూరం పోతది అక్కా" అన్నాడు దుకాణదారు. అద్దం నిండా చిన్న చిన్న బల్బులున్న టార్చి తీసుకుని సంబరంగా ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున మా ఆయన దాన్ని నా ముందర పడేశాడు. "ఏమే, గిది లైటా గిది? మంచె కింద గడ్డి కనవడ్తున్నది గానీ అడవి దిక్కంత చీకటే." చేనులో ఇంకో మూల పోయింది.

ఆయన మాట నిజమే. నేనూ పొద్దుగూకాక కొట్టి చూశాను. వెలుతురు చాటలో పోసిన గింజల్లాగా చుట్టూ పరుచుకుంది తప్ప ముందుకు పోలేదు. చెయ్యి ఎర్రబడటానికీ దూరం పోవటానికీ సంబంధం లేదని అప్పుడు తెలిసింది. నేను ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని. కాస్త బుర్ర పెడితే సంగతి అర్థమైంది. వెలుతురు ఎంత ఉందన్నది ఒకటి, దాన్ని ఒక్క చోటికి ఎంత గట్టిగా పోగు చేశారన్నది ఇంకొకటి. దూరం పోవాలంటే ఒకే బల్బు ఉండాలి, దాని చుట్టూ అద్దంలాంటి లోతైన గిన్నె ఉండాలి. పైగా దూరం రెండింతలైతే వెలుతురు సగం కాదు, పావువంతుకు పడిపోతుంది. పుస్తకంలో బట్టీ పట్టిన ఆ ముక్క పందుల పుణ్యమా అని అప్పుడు తలకెక్కింది.

రెండోసారి లోతు గిన్నె ఉన్నది తెచ్చాను. "గిది గూడ గంతే" అన్నాడు. ఇంకోటి తెచ్చాను, చార్జింగుది. అది మొదట భగ్గున వెలిగి, కాసేపటికే నీరసపడేది. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, దానికి చార్జింగు ఎక్కడ పెట్టేది? ఆయన దాన్నీ తిట్టాడు. ఈలోగా చేను మూలమూలా తగ్గిపోతోంది. నాకు అన్నం సయించడం మానేసింది. పండుకుంటే పల్లి చెట్లు పీకుతున్న చప్పుడే చెవుల్లో.

"మంచె మీద నిద్రపోతున్నవా ఏంది?" అని ఒకరోజు అడిగేశాను.

"నిద్రపోతే నా మీద ఒట్టు. కండ్లు పెద్దగ చేసుకోని గట్లనే కూసుంటున్న. నీ లైట్లు పని చేస్తలేవు, నేనేం జెయ్యాలె?"

ఆ మాటకు నాకు మండిపోయింది. ఆ కోపంతోనే ఈసారి నాగర్‌కర్నూల్ పోయాను. అక్కడి దుకాణం సేటు ముందర చెయ్యి మూసి చూడలేదు. గిన్నె లోతు చూశాను. దుకాణం వెనక సందులోకి తీసుకుపోయి గోడ మీద కొట్టించాను. మధ్యలో గట్టి చుక్క, చుట్టూ పలుచని వెలుతురు. అదే కావలసింది. డబ్బా మీద ఏవో మీటర్లు రాసి ఉంటే అన్ని మీటర్లు నిజంగా పోతుందా అని నిలదీశాను.

"గది లైటు పోయే దూరం అక్కా. మనిషికి కనవడే దూరం వేరే. పంది గానొచ్చేది దాంట్ల సగం అనుకో."

నిజం చెప్పినవాడు ఆ సేటొక్కడే. సగమైనా మా చేనుకు చాలు.

ఆ సాయంత్రం నేనే చేనుకు పోయాను. ఇక మా ఆయన మాట మీద వదిలేయదలచుకోలేదు. పూర్తిగా చీకటి పడ్డాక టార్చి ఆయనకిచ్చి మంచె ఎక్కించాను. నేను ఆయన తెల్ల తువ్వాల తీసుకుని గట్టు వెంట నడిచి అడవి వైపు కంచె దగ్గర నిలబడ్డాను. "కొట్టు" అని కేకేశాను.

వెలుతురు వచ్చి నా మొహం మీద పడింది. కళ్ళు తెరవలేకపోయాను. తల దించితే నా కాళ్ళ దగ్గర పల్లి ఆకు ఆకు విడిగా కనిపిస్తోంది. నా నీడ కంచె దాటి అడవి చెట్ల మీద పడింది. ఇంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. మిగిలిన పంట దక్కినట్టే అనుకున్నాను.

"యాడున్నవే?" అని అరిచాడు మంచె మీది నుంచి.

"ఈడనే, కంచె కాడ."

"ఏం కనవడ్తలేదు. తువ్వాల ఊపు జర."

ఊపుతూనే ఉన్నాను.

నా చెయ్యి గాలిలో అట్లాగే ఆగిపోయింది. ఆ వెలుతురులో నా గాజుల మీది చుక్కలు లెక్కపెట్టొచ్చు. పగలైతే ఆయన కళ్ళకు వంక పెట్టలేం, ఆకు అడుగున దాక్కున్న పురుగును నిలబడిన చోటు నుంచే చూపిస్తాడు. పొద్దుగూకితే మాత్రం గట్ల మీద తడబడేవాడు. తడబడిన ప్రతిసారీ టార్చిని తిట్టేవాడు, ఆయనతో పాటు నేనూ తిట్టేదాన్ని. రేచీకటి అనే మాట మా ఇద్దరికీ తట్టలేదు. చేను మాట అటుంచి, ఈ మనిషి ఇన్ని రోజులు అడవి అంచున గుడ్డి చీకట్లో ఒక్కడే కూర్చున్నాడు.

"లైటు నీ మీద పడ్తున్నదా?" అని అడిగాడు.

లేదని చెబుదామా అనుకున్నాను. లేదంటే రేపు కూడా ఇట్లాగే వచ్చి కూర్చుంటాడు.

"పడ్తున్నది" అన్నాను.

"మంచిగనా?"

"కండ్లు తెరవనిస్తలేదు."

ఆయన లైటు ఆర్పలేదు. ఆ వెలుతురులోనే గట్టు వెంట నడిచి వెనక్కి వచ్చాను. మంచె కిందికి వచ్చి పిలిచేదాకా నేను వస్తున్నట్టు ఆయనకు తెలియలేదు. నిచ్చెన ఎక్కాను. ఆయన టార్చి నాకివ్వబోయాడు, నేనున్న వైపు కాకుండా కొంచెం పక్కకు చాపి.

"నువ్వు పట్టుకో" అన్నాడు. "ఏ దిక్కు అరవాలెనో చెప్పు. నేను అరుస్త."