పనిచేసే చేతికి కట్టిన గడియారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తయారైన ప్రతి గడియారమూ ముందుగా మా నాయనమ్మ చేతికి ఎక్కాల్సిందే. అదీ ఎడమ చేతికి కాదు, కుడి చేతికి. పనిచేసే చెయ్యి మీద సరిగ్గా నడిచిందంటే ఇక ఎవరి చేతి మీదైనా నడుస్తుందని మా తాతయ్య నమ్మకం. నాయనమ్మ చెయ్యి ఊరికే ఉండగా చూసినవాళ్ళు లేరు. పిండి పిసికేది, ఇల్లు ఊడ్చేది, మధ్యమధ్యలో నన్ను తరిమేది. నీళ్ళ పని ఉంటే మాత్రం గడియారం విప్పి పోపుల డబ్బా మీద పెట్టేది. పొద్దున దీపం వెలిగించిన వెంటనే దానికి కీ ఇచ్చేది. రెండూ మరవకూడని పనులేనని ఆమె లెక్క.

మేం అప్పుడు అబుదాబి పక్కన బనియాస్‌లో ఉండేవాళ్ళం. మా ఊరివాళ్ళకు అది కూడా దుబాయే. తాతయ్య జగిత్యాల దిక్కు నుంచి వచ్చి, బజారులో చిన్న దుకాణంలో గడియారాలు బాగుచేస్తూ ముసలివాడయ్యాడు. మా నాన్న ముసఫ్ఫాలో లేత్ మిషన్ పని చేసేవాడు. ఒకరికి గడియారం కడుపులో ఏముందో తెలుసు, ఇంకొకరికి ఇత్తడిని వెంట్రుకంత సన్నగా కోయడం తెలుసు. ఇద్దరూ కలిసి సొంతంగా గడియారాలు చేద్దామనుకున్నారు. స్ప్రింగులు, చక్రాల ఇరుసులు తిరిగే చిన్న రాళ్ళు బయట కొన్నా, పలకలు, చక్రాలు, ముళ్ళు మాత్రం దుకాణం వెనక గదిలోనే తయారయ్యేవి. డయల్ మీద అంకెలు మా అమ్మ రాసేది. ఆమె బ్రష్ పట్టుకుంటే ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

మొదట్లో చేసినవన్నీ మొండికేశాయి. ఒకటి వెనకబడేది, ఒకటి పడుకోబెడితే ఆగిపోయేది. ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేసి, బజార్లో అన్ని గడియారాలుండగా మీకెందుకీ తిప్పలని ఎకసెక్కాలాడేవారు. చివరికి ఒకటి కుదిరింది. మా వీధి చివరి అరబ్బు పెద్దాయన అడిగి చేయించుకుంటున్నది అది. అది బాగుంటే ఆయన పదిమందికి చెబుతాడు, మా పని నిలబడుతుంది. అందరం దాని మీదే ఆశ పెట్టుకున్నాం. ఎప్పటిలాగే నాయనమ్మ కుడి చేతికి కట్టారు.

అవి కరోనా రోజులు, ఇప్పటి పిల్లలు పుస్తకాల్లో చదువుకునేవి. నాయనమ్మకు జ్వరం వచ్చింది, తర్వాత ఊపిరి అందలేదు. అంబులెన్సు కింద ఆగాక, గడప దగ్గర నిలబడి ఆమె గడియారం విప్పింది. తాతయ్య చేతిలో పెట్టి, “పరాయోళ్ళ సొమ్ము. పైలం” అని జాగ్రత్త చెప్పింది. నావైపు చూసి ఏదో అనబోయింది గానీ దగ్గు రానివ్వలేదు. ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. మాకు చివరిచూపు కూడా దక్కలేదు. ఎక్కడో దూరాన దహనం అయిందని నాన్న చెబితే విన్నాం, అంతే.

నేను అన్నం మానేశాను. చదువు ఫోన్లోనే కాబట్టి, కెమెరా ఆపేసి పడుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నాయనమ్మ చీరలో ముఖం పెట్టుకుని గోడవైపు తిరిగి ఉండేదాన్ని. అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. ఏ మాటా నా చెవికెక్కలేదు.

ఒక ఉదయం తాతయ్య నన్ను లేపి దుకాణం వెనక గదికి తీసుకెళ్ళాడు. బల్ల మీద ఆ గడియారం ఆగిపోయి ఉంది. నాయనమ్మతో పాటు అదీ చచ్చిపోయిందనుకుని నేను భోరుమన్నాను. తాతయ్య నా వేళ్ళు పట్టుకుని దాని కీ మీద పెట్టి, మెల్లగా తిప్పించాడు. లోపల చక్రం కదిలింది. “ఆగింది గాని చెడిపోలేదు బిడ్డా. కీ ఇచ్చేటోళ్ళు లేక ఆగింది” అన్నాడు.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన నాన్న, “అది ఎవ్వలికీ ఇయ్యద్దు బాపూ. అవ్వ చెయ్యి మీద ఉన్నది. దుకాణం గిట్ల ఖలాస్ అయినా మంచిదే” అన్నాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది ఆరోజే. తాతయ్య, “పరాయోళ్ళ సొమ్మని అవ్వనే చెప్పి పోయింది గద కొడుకా” అన్నాడు. గడియారం పరీక్ష ఇంకా పూర్తికాలేదనీ, నాయనమ్మ వదిలిన పనిని నేనే ముగించాలనీ చెప్పి, నా కుడి చేతికి కట్టాడు. పట్టీ వదులైతే కింద గుడ్డ చుట్టాడు.

“ఏడ్సుకుంట పండుకుంటే దీని నడక ఎట్ల తెలుస్తది? ఎగురు, దుంకు. అన్నం కలుపుకొని తిను. మీ నాయనమ్మ చెయ్యి ఆడినట్టు నీ చెయ్యి ఆడాలె” అన్నాడు.

గడియారం కోసమే తిన్నాను. గడియారం కోసమే మిద్దె మీద తాడాట ఆడాను. అమ్మ పక్కన కూర్చుని వంకరటింకర రొట్టెలు చేశాను. ఒక సాయంత్రం తాడు కాలికి చుట్టుకుని పడి, నాకు నేనే పకపకా నవ్వాను. మరుక్షణం నాయనమ్మ పోయిందని గుర్తొచ్చి, నవ్వినందుకు సిగ్గేసి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తాతయ్య పైకి వచ్చి, నా మణికట్టు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “ఏడ్చినప్పుడు సుత మంచిగనే నడుస్తున్నది” అన్నాడు. ఆ మాటకు నాకు మళ్ళీ నవ్వొచ్చింది.

అరబ్బు పెద్దాయన వచ్చిన రోజు తాతయ్య నా చేతి నుంచి దాన్ని విప్పి, తుడిచి, ఆయనకిచ్చాడు. సంగతి తెలిసిన ఆయన, కావాలంటే ఉంచుకొమ్మని హిందీలో అన్నాడు. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. ఆయన వెళ్ళాక నా మణికట్టు బోసిగా కనిపించింది. నాయనమ్మ రెండోసారి వెళ్ళిపోయినట్టే ఏడ్చాను. కానీ ఆ పూట అన్నం మానలేదు.

ఆ తర్వాత మా గడియారాలు నలుగురి నోళ్ళలో పడ్డాయి. తాతయ్య పోయిన చాలా ఏళ్ళకు, నాన్న అసలు విషయం చెప్పాడు. ఆ గడియారం పరీక్ష నాయనమ్మ చేతి మీదే ఎప్పుడో పూర్తయిందట. ఇక ఇవ్వడమే తరువాయి. పిల్ల లేచి తిరిగేదాకా ఆగమని తాతయ్య వెళ్ళి అడిగితే, అరబ్బు పెద్దాయన “మాఫీ ముష్కిల్”, ఇబ్బందేం లేదు, అని నవ్వి, నెలైనా ఫర్వాలేదన్నాడట.

ఇప్పుడు నా తలా నెరిసింది. చావు జరిగిన ఇంటికి వెళితే నాకు ఓదార్పు మాటలు రావు. పిల్లలు కనబడితే మంచినీళ్ళు తెమ్మనో, నాతో కలిసి కూర తరగమనో అంటాను. ఆ తర్వాత, అందరికీ ధైర్యం చెబుతూ తిరుగుతున్న పెద్దవాళ్ళెవరో వెతికి, వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఆ రోజుల్లో తాతయ్య నాకు అన్నం తినిపించాడు, నాన్నకు ధైర్యం చెప్పాడు. భార్య పోయినవాడు ఆయన. ఆయన పక్కన మాత్రం ఎవరమూ కూర్చోలేదు.