నర్సింహ విస్తరి ముట్టింది ఏది?

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కోపమూ లేదు. ఎన్నడూ ఎదురుపడని వాళ్ళ గురించి అభిప్రాయాలు పెట్టుకోవడం మర్యాద కాదని ఊరుకున్నానంతే. పైగా నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఒక్కసారి జరిగినదాన్ని రుజువు అనకూడదని పిల్లలకు ఏటా చెబుతాను. ఇది ఒక్కసారే జరిగింది.

మాది కృష్ణా జిల్లా. ఆరేళ్ళ క్రితం ఎయిర్‌పోర్టు పక్కన మంఖాల్ దగ్గర ఒక వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. పైన విమానాలు చక్రాలు దించుకుంటూ పోతుంటాయి. కింద మా పెరట్లో పిగిలిపిట్టలు, గోరింకలు, జెముడుకాకులు, అప్పుడప్పుడు ఇల్లు తనదే అన్నట్టు ఒక నెమలి. తెల్లవారుతుండగా, ఇంకా మసకగా ఉన్నప్పుడు, గోడ కింద నీళ్ళు పోయే మోరీ కన్నంలోంచి ఒక గుంటనక్క వచ్చేది. బైనాక్యులర్స్ పెట్టుకుని చూడటం నాకు అలవాటైంది. దీన్ని మా ఆవిడ పక్షి పరిశోధన అనదు, వేరే మాట అంటుంది.

వీటిని నాకు పరిచయం చేసింది నర్సింహ. మా వెంచర్ ఒకప్పుడు అతని చెలక, అంటే మెట్ట పొలం. అమ్మేశాక కూడా రోజూ పొద్దున్నే వచ్చి పెరటి గోడ మీద పిట్టలకు జొన్నలు, మోరీ దగ్గర నక్కకు రొట్టె ముక్క పెట్టి పోయేవాడు. నన్ను అడగలేదు. అడగాల్సింది నేనేమో అనిపించి నేనూ ఏమీ అనలేదు.

మొన్న ఎండాకాలం నర్సింహ చనిపోయాడు. మూడోనాడు కొడుకు మల్లేశ్ మా గేటు దగ్గర నిలబడ్డాడు.

"సార్, ఇయ్యాల బాపుకు పిట్టకు పెట్టాలె. చెలకల పెడ్తం మేము. చెలకంటే ఇగ మీ పెరడే గద."

ఇక్కడి ఆచారం అది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి వాళ్ళ భూమిలో విస్తరి పరుస్తారు. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ముట్టలేదంటే పోయిన మనిషికి ఏదో కొరత ఉన్నట్టు.

తొమ్మిదింటికల్లా ఇరవై మంది దాకా వచ్చారు. జామచెట్టు కింద విస్తరి పరిచి అన్నం, మటన్, జొన్నరొట్టె, ఒక గ్లాసులో కల్లు పెట్టారు. మనుషులు దగ్గరుంటే పిట్ట దిగదని అందరూ పెరటి గేటు దాకా వెనక్కి జరిగారు. అక్కణ్ణుంచి విస్తరి బాగానే కనిపిస్తుంది. ముట్టిందో లేదో తేల్చి చెప్పడానికి నన్ను మాత్రం వెనక మెట్ల మీద కూర్చోబెట్టారు. "పిట్టల సంగతి మీకెర్క గద సార్, మీరు చూడున్రి" అన్నాడు నర్సింహ తమ్ముడు అంజయ్య. ఆ ఉద్యోగానికి నాకున్న అర్హత బైనాక్యులర్స్.

ఆ రోజు మా పెరట్లో ఒక్క పిట్ట వాలలేదు. కాకులే కాదు, గోరింకలు కూడా. ఆరేళ్ళలో అలాంటి పొద్దు నేను చూడలేదు.

పది దాటింది. మల్లేశ్ దండం పెట్టి, "బాపూ, అమ్మను మంచిగ చూస్కుంట, వచ్చి తిను" అన్నాడు. పిట్ట రాలేదు. "మిగిలిన రెండు గుంటల జాగ అమ్మంలే అన్నా, రా" అన్నాడు అంజయ్య. రాలేదు. "కల్లు తక్కువైందేమో, వానికి గా గ్లాసు యాడ సరిపోద్ది?" అని ఎవరో అంటే ఇంకో గ్లాసు పోశారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. అప్పటికీ రాలేదు.

నర్సింహ భార్య యాదమ్మ మాత్రం పెరట్లోనే పంపు గట్టు మీద ఒక్కతే కూర్చుంది. షుగర్ మనిషి. పొద్దున గోళీ వేసుకుంది, రాత్రి నుంచి ఏమీ తినలేదు. పదకొండు దాటేసరికి చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయి. కోడలు చక్కెర నీళ్ళు తెస్తే తోసేసింది. "ఆయన తినకుంట నేనెట్ల తింట? ఊకో."

పదకొండున్నర ప్రాంతంలో మోరీ కన్నంలోంచి నక్క వచ్చింది.

మిట్టమధ్యాహ్నపు ఎండలో. గుంటనక్కే, తోక చివర నలుపు, అనుమానం లేదు. నేరుగా విస్తరి దగ్గరికి పోలేదు. యాదమ్మ ముందు నాలుగడుగుల దూరంలో ఆగి, ఆమె వైపు చూసింది. తర్వాత తీరిగ్గా వెళ్ళి రొట్టె తుంచుకు తిని, ఒక మటన్ ముక్క నోట కరుచుకుని, వచ్చిన దారినే పోయింది.

"సార్, ముట్టిందా?" గేటు దగ్గర నుంచి అంజయ్య కేకేశాడు.

కుక్కో పిల్లో ముడితే లెక్కలోకి రాదని పొద్దునే చెప్పి ఉన్నారు. యాదమ్మ ఒక పక్కకు ఒరిగిపోతోంది. "ముట్టింది. కాకి!" అన్నాను.

ఎవరైనా ఎదురు చెబుతారని చూశాను. ఒక్కరూ చెప్పలేదు. "అవు, చూసినం చూసినం" అని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. యాదమ్మ చేత చక్కెర నీళ్ళు తాగించి, అన్నం కలిపి తినిపించారు. ఆమె కోసం ఊరంతా నాతో కలిసి అబద్ధమాడిందని నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

రెండు రోజుల తర్వాత మల్లేశ్‌తో ఆ మాటే అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"నక్కేంది సార్? కాకే వచ్చింది. జామకొమ్మ మీదికెల్లి దిగి రొట్టె తిన్నది, కూర ముక్క ఎత్కపోయింది. మీరే చెప్పిండ్రు గద."

అంజయ్యను విడిగా అడిగాను. ఇంకో ఇద్దరినీ అడిగాను. అదే కొమ్మ, అదే రొట్టె, అదే ముక్క. "నక్కొస్తే మా కుక్క ఊకుంటదా సార్?" అన్నాడు అంజయ్య. నిజమే. వాళ్ళ కుక్క ఆ పూటంతా గేటుకు కట్టేసి ఉంది. మొరగలేదు.

నేను చెప్పిన అబద్ధాల్లో ఇంతమంది సాక్షులు దొరికింది దీనికొక్కదానికే. దాన్ని నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక్కణ్ణే అనుకున్నాను. కర్మలన్నీ అయిపోయాక యాదమ్మ కరివేపాకు కోసమని వచ్చింది. కోసుకుంటూ కోసుకుంటూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

"నక్కొస్తే కాకి అంటిరేంది సార్?"

"తెలిసి కూడా మరి ఎందుకు తిన్నారు యాదమ్మా?" అన్నాను.

"నా దిక్కు చూసె గద. ఇగ తినకపోతే ఊకుంటడా?" అని, కరివేపాకు కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఎన్ని రకాలుగా లెక్క వేసినా ఇది తేలడం లేదు. షుగర్ పడిపోయి ఆమెకు ఏదో కనిపించిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నేను ఆ పొద్దున నాలుగు ఇడ్లీలు తిని కూర్చున్నాను.