ఇంకా రెండు లెక్కలు

1995 జూన్ పన్నెండు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు మొదలైంది ఇది. ఉదయగిరిలో నేను లెక్కలు చెప్పే హైస్కూల్లోనే మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో చేరిన గంట అది. ఇన్నేళ్ళకు అది మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మొన్న ఆత్మకూరులో, మా అమ్మాయి ఇంట్లో జరిగిన చాలా చిన్న సంగతి. మనవరాలు లెక్క సగంలో ఆగిపోయి పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంటే, మా అమ్మాయి వంటింట్లోంచి "చాల్లే రామ్మా, దోసె ఆరిపోతా ఉండాది. లెక్క యాడికీ పోదులే" అని పిలిచింది. పిల్ల పుస్తకం మూయకుండానే పరుగెత్తింది. నేను మాత్రం ఆ సగం లెక్క ముందు అలాగే కూర్చుండిపోయాను.

సొంత కూతురికి మార్కులు వేసుకుందన్న మాట పడకూడదని నాకు ఆ రోజుల్లో ఒకటే భయం. అందుకని గేటు దాటిన తర్వాత నేను అమ్మను కాదు, టీచర్ని అని మొదటి రోజే చెప్పాను. ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం కాదు. సాయంత్రం నేను ఇల్లు చేరిన పావుగంటకు తను రావాలి. ఇక ఇంట్లో, ఇచ్చిన పది లెక్కలూ తప్పు లేకుండా పూర్తయ్యేదాకా కంచం పెట్టేదాన్ని కాదు. వింజమూరులో ఉద్యోగం చేస్తూ శనివారాలు మాత్రం వచ్చే మా ఆయన "నీ ఇంట్లో కూడు తినాలన్నా హాల్‌టికెట్టు కావాల్నే" అని ఎగతాళి చేసేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. భయం లేనిదే చదువు రాదని మన వయసు టీచర్లం ఎంత గట్టిగా నమ్మామో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

బీరువా తలుపు లోపలివైపు తన లెక్కల మార్కులు సుద్దతో రాసేదాన్ని. మొదట డెబ్బై ఎనిమిది, తర్వాత అరవై ఒకటి, ఆ తర్వాత నలభై నాలుగు. మార్కులు తగ్గినకొద్దీ నేను లెక్కలు పెంచాను. పది కాస్తా పదిహేనయ్యాయి. చెరిపి చెరిపి కాగితం చిరిగిపోతున్నా, క్లాసులో చెయ్యెత్తడం మానేసినా, సోమరితనమే అనుకున్నాను. ఆ నవంబరు నుంచి ఇంట్లో కూడా నన్ను టీచర్ అనే పిలవడం మొదలుపెట్టింది. అది వినయం అనుకున్నాను.

తను తొమ్మిదిలో ఉండగా, 1996 అక్టోబరు పది, గురువారం, చివరి పీరియడులో క్వార్టర్లీ పేపర్లు ఇచ్చాను. తప్పినవాళ్ళు తొమ్మిది మంది. అందులో మా అమ్మాయి ఒకతె, ముప్పై ఒకటి. కోపంలో తొమ్మిది మందినీ నిలబెట్టి, తప్పు చేసిన ప్రతి లెక్కా పదేసి సార్లు చేస్తే తప్ప ఇళ్ళకు పోవద్దన్నాను. నాలుగున్నరకు గంట కొట్టారు. అన్న మాట అక్కడే మరిచిపోయి నేను ఇంటికి వచ్చేశాను.

నాలుగూ నలభై రెండుకు ఇల్లు చేరాను. నాలుగూ యాభై ఏడుకు తను రావాలి. ఐదుంబావు దాకా గుమ్మంలో నిలబడ్డాను. ఆ ముప్పై ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. పేపరు అందుకుంటూ తను నా మొహంలోకి చూస్తే, చూడనట్టు తరువాతి పేరు చదివిన సంగతీ గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పొలాల దారి పట్టాను. ఆ దారిలో బావులున్నాయి.

మొదటి బావిలోకి వంగినప్పుడు నా మొహమే కనబడింది, అది కూడా సరిగా కాదు. నేను వెతుకుతున్నది తన జడల నీలం రిబ్బన్లు. రెండో బావిలో ఏదో నీలంగా తేలుతుంటే గట్టు పట్టుకుని ఇంకా కిందికి వంగాను. అది ఎరువుల సంచీ. గడ్డి కోస్తున్న ఒకామె కొడవలి ఆపి, "ఏంది టీచరమ్మా, ఏం పడేసుకున్నావు?" అని అడిగింది. పెన్ను అన్నాను. ఆ క్షణంలో కూడా పరువే అడ్డొచ్చింది. మూడో బావి చుట్టూ రెండు సార్లు తిరిగి చూశాను. నాలుగోది ఎండిపోయి ఉంది. ఎండిన బావిని చూసి దండం పెట్టుకున్నాను.

ఆరూ ఐదుకు బడి చేరాను. బడి ఊడ్చే ఆయమ్మ తాళం పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. "ఇప్పుడొచ్చినావా? మీ పాప ఆడనే కూర్చోనుండాది. లెమ్మంటే లేవదు, టీచర్ చెప్పినారు అంటాది. టీచర్ మీయమ్మే గదా పాపా అంటే, నా మొకం జూసి ఏడిసింది."

కిటికీ దగ్గర మిగిలిన కాస్త వెలుతురులో నోటుపుస్తకం కళ్ళకు ఆనించుకుని రాస్తోంది. తక్కిన ఎనిమిది మందీ గంట కొట్టగానే పోయారు. టీచర్ బెదిరింపు గంట కొట్టేదాకేనని వాళ్ళకు తెలుసు. నా కూతురికి తెలియదు. మా ఇంట్లో ఆ మాటకు గంట లేదు. నన్ను చూసి లేచి నిలబడి, పేజీని చేత్తో కప్పుకుని అంది: "ఇంకా రెండు ఉండాయి టీచర్. చేసేస్తాను."

చాలు, అమ్మను వచ్చానన్నాను. కదల్లేదు. అది కూడా పరీక్షేమోనని నా మొహంలోకి చూసింది. బావుల దగ్గర కలిగిన భయం ఆ చూపు ముందు ఏపాటిది?

ఆ నెలాఖరుకే తనను ఆత్మకూరులో మా అమ్మ దగ్గర వదిలాను. అవ్వ అడిగిన ప్రశ్న ఒక్కటే, తిన్నావా అని. తొమ్మిదో తరగతి మళ్ళీ చదివింది. లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఇంటర్‌లో వాటి జోలికి పోలేదు. 1998 మార్చిలో ఆత్మకూరు బస్టాండులో నేను బస్సెక్కుతుంటే వెనక నుంచి కేకేసింది: "అమ్మా, గొడుగు మరిచిపోయినావు." డ్రైవరు హారన్ కొడుతున్నా దిగి, గొడుగు అందుకుని, మళ్ళీ ఎక్కాను.

ఇప్పటి పిల్లలకు భయం లేదని మన ఈడువాళ్ళు నిష్ఠూరమాడుతుంటే నేను లేచి వచ్చేస్తాను. మా అమ్మాయి ఇంట్లో భయం ఉన్నది నాకు ఒక్కదానికే. మనవరాలు బడి నుంచి రావడం పావుగంట ఆలస్యమైతే ఇప్పటికీ గుమ్మంలో నిలబడతాను.

పోయినవి ఇవి. ఒక తరగతి, ఒక సంవత్సరం. నలభై ఏడు మార్కులు. అమ్మా అన్న పిలుపు లేని ఇరవై ఎనిమిది నెలలు. చల్లారిపోయిన అన్నాలు ఎన్నో, వాటిని మాత్రం నేను రాసి పెట్టుకోలేదు.