కంప్రెషర్ గాలి

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లం సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఒంటికి గాలి కొట్టుకుంటాం. కంప్రెషర్ పైపు పట్టుకుని తల మీంచి చెప్పుల దాకా ఒకసారి తిప్పితే రాతి దుమ్మంతా లేచిపోతుంది. టిఫిన్ సంచికీ, బండి సీటుకూ అదే వైద్యం. ఇరవై ఏళ్లుగా నేనక్కడ సూపర్‌వైజర్‌ని. ఆ గాలికి లొంగనిది లేదని నా నమ్మకం.

మా బిడ్డ ఇంట్లో కూర్చుని ఫోన్లలో మాట్లాడే ఉద్యోగంలో కొత్తగా చేరింది. హెడ్‌ఫోన్ ఎడమవైపు సన్నగా వినబడుతోందని, వారంటీ ఉంది కదా, వికారాబాద్ సర్వీస్ సెంటర్‌లో చూపిద్దామని అంది. దుమ్ము తప్ప ఇంకేముంటుంది అనుకున్నాను. ఆమెకు సెలవున్న రోజు, చెప్పకుండా దాన్ని సంచిలో వేసుకుపోయి, రెండు వైపులా గాలి కొట్టి, సాయంత్రం ఉన్నచోటే పెట్టేశాను. మర్నాడు ఎడమవైపు బొత్తిగా మూగబోయింది.

"ఎక్కడనో కింద పడేసినవ్" అన్నాను. ఆమె హెడ్‌ఫోన్ తీగ చుట్టి పక్కన పెట్టింది. నేను మాత్రం రెండు రోజులు ఆ మాట వదల్లేదు. యంత్రాల మధ్య అరిచి అరిచి నా గొంతు అలా పెద్దదైపోయిందని మా ఆవిడ బయటివాళ్లకు సర్దిచెబుతుంటుంది. బిడ్డకు ఇంకా శిక్షణ పూర్తికాలేదు. సోమవారానికి సరైన హెడ్‌ఫోన్ లేకపోతే పేరు తీసేస్తామని వాళ్ల ఆఫీసు చెప్పింది. శనివారం పొద్దున ఇద్దరం రైలెక్కాం.

సర్వీస్ సెంటర్‌లో నా వయసాయనే ఉన్నాడు. హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని విన్నాడు, తీగ అటూ ఇటూ వంచి చూశాడు, కాగితం ముందు పెట్టుకున్నాడు.

"కింద గిట్ల పడ్డదా?"

"పడ్డది. నా చేతులకెల్లే జారింది" అంది బిడ్డ.

చూశారా అన్నట్టు నేను తల ఊపాను.

"పడ్డదని రాస్తే వారంటీ పోతదమ్మా."

"రాయుండ్రి."

ఆయన రాయలేదు. పైన ఒక్క గీతైనా లేదని గొణుక్కుంటూ మరలు విప్పాడు. లోపలి పలుచటి పొర చిరిగి ముడుచుకుపోయి ఉంది. దాని చుట్టూ బూడిదరంగు దుమ్ము.

"పడితే గిట్ల కాదు సాబ్. గాలి కొట్టిండ్రు, మస్తు జోరుగ. మొదలు ఉత్త దుమ్మే ఉండొచ్చు. జర బ్రష్‌తోని తీస్తే పోయేది. గిప్పుడైతే కంపెనీ ఒప్పుకోదు. ఎవరు కొట్టిండ్రు?"

ఎవరో తెలియదనే మాట నోటి దాకా వచ్చింది. బిడ్డ కాగితం వైపే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే" అన్నాను. నా గొంతు అంత చిన్నగా ఉండటం నాకే కొత్త.

వారంటీ కాగితం పక్కకు పోయింది. పాత సెట్టులోంచి స్పీకర్ తీసి వేస్తానని, పైసలు మేమే ఇచ్చుకోవాలని చెప్పాడు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. బిడ్డ రెండు వైపులా విని బాగుందంది.

తిరిగొచ్చేటప్పుడు ధారూర్ దాటాక అడిగాను.

"పడెయ్యనిదాన్ని పడేసిన అని ఎందుకు చెప్పినవే?"

"చెవికి పెట్టుకున్ననాడే ఎరుకైంది నాయినా. చెవి మెత్తకు కంప్రెషర్ నూనె వాసన. రోజూ నీ అంగికొచ్చేదే."

"మరి నన్ను అడగొద్దా?"

ఆమె హెడ్‌ఫోన్‌ను సంచిలో సర్దుకుంది.

"అడిగితే నువ్వు అలుగుతవ్. నువ్వు తినకుంటే అమ్మ గూడ తినదు."