చేతికివ్వకూడని గ్లాసు

1966 జనవరిలో అబిడ్స్‌లోని ఒక హోటల్ బారులో నన్ను సీనియర్ బార్‌మాన్‌గా వేశారు. ఆ రోజుల్లో బారులో చేరినవాడు మొదట గ్లాసులు కడగాలి, తర్వాత ఐసు కొట్టాలి, ఆ తర్వాత సోడాలు అందించాలి. సీసా మీద చెయ్యి పడటానికి ఏళ్ళు పట్టేది. సీనియర్ బార్‌మాన్ అంటే మందు కలిపేవాడు. అతని పైన బార్ కెప్టెన్, ఆయన పైన మేనేజరు. హోదాతో పాటు ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో విందులు జరిగితే వెళ్ళి కలిపి రావాలి. దాన్ని మేం 'బయటి డ్యూటీ' అనేవాళ్ళం. సీసాలు ఇంటివాళ్ళవి, పనితనం మాది. హోటల్ సీసా హోటల్ గడప దాటకూడదు.

నేను మందు తాగను. తాగకుండా ఎలా కలుపుతావయ్యా అని ఇప్పటికీ అడుగుతుంటారు. మిఠాయి చేసేవాడు మిఠాయి తింటూ కూర్చుంటే కొట్టు నడుస్తుందా? ముక్కు పనిచేస్తే చాలు. సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్టు గుమాస్తా అయిన మా నాన్నకు మాత్రం ఈ సమాధానం ఎప్పుడూ నచ్చలేదు. "గా పని తప్ప ఇంకేం దొరకలేదారా నీకు?" అని పోయేవరకూ అంటూనే ఉన్నాడు.

ఆ ఏడు మార్చిలో రామచంద్రమూర్తి గారు ఒక మధ్యాహ్నం బారు తెరవకముందే వచ్చారు. ఆయన ప్రభుత్వంలో ఇంజనీరు. రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరు వైపు నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక కిరాయి ఇంట్లో స్థిరపడ్డ కుటుంబం. ఒకప్పుడు మా బారుకు రోజూ వచ్చేవారు. పుట్టిపెరిగిన చోట మద్యనిషేధం ఉండేది కాబట్టి ఉద్యోగంలో చేరేదాకా ఆయనకు మందు వాసన కూడా తెలియదు. హైదరాబాద్ వచ్చాక నేర్చుకున్నారు. ఆలస్యంగా నేర్చినవాళ్ళకు అడ్డూ ఆపూ ఉండదు. తర్వాత ఉన్నట్టుండి రావడం మానేశారు. బదిలీ అయిందేమో అనుకున్నాను.

బదిలీ కాదు, దవాఖాన. ఆయనే చెప్పారు. కాలేయం చెడిపోయి నెల పైన మంచం మీద ఉన్నారు. ఇంకొక్క గుక్క తాగితే మళ్ళీ లేవవని డాక్టరు మొహం మీదే చెప్పాడట. మానేసి ఏడెనిమిది నెలలైంది. ఆఫీసులోనూ, ఇంట్లో ఉన్న తల్లితోనూ కామెర్లని చెప్పారు. నిజం ఆయన భార్య విశాలాక్షి గారికి ఒక్కరికే తెలుసు.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. ఆయన చీఫ్ ఇంజనీరు అమెరికాలో శిక్షణకు వెళ్ళి, అక్కడ మార్గరీటా అనే మందు తాగి వచ్చారు. గ్లాసు అంచుకు ఉప్పు అద్ది ఇస్తారట, పుల్లగా, తియ్యగా, చల్లగా ఉంటుందట. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆఫీసులో అదే పాట. మా ఇంటికి రండి సార్, చేయిస్తానని మూర్తి గారు నోరు జారారు. చీఫ్ గారికి తాగనివాళ్ళంటే చిన్నచూపు, పెరుగన్నం గాళ్ళని ఎగతాళి చేసేవారు. కొత్త ఆనకట్ట పనికి ఎవరిని పంపాలో తేల్చేది కూడా ఆయనే. మానేశానంటే, మానెయ్యాల్సినంతగా ఎందుకు తాగావన్న ప్రశ్న వస్తుంది. తాగుబోతన్న పేరు పడితే సైటు మీదకు పంపరు. అదీ మూర్తి గారి భయం.

"నా గ్లాసు కూడా వాళ్ళ గ్లాసుల్లాగే ఉండాలి నర్సింగ్. అందులో మందు మాత్రం ఉండకూడదు. నీకు పుణ్యం ఉంటుంది" అన్నారు.

ఇది మా వృత్తిలో కొత్త కోరికేమీ కాదు. అలాంటి గ్లాసును మేం 'సాదా' అనేవాళ్ళం. దానికి ఒకటే నియమం. సాదా గ్లాసును ట్రేలో వదలకూడదు. కలిపినవాడే తీసి, ఎవరిదో వాళ్ళ చేతిలో పెట్టాలి. అప్పుడే పొరపాటు జరగదు. సరేనన్నాను.

మార్గరీటాకు అసలు కావలసిన మందు టెకీలా. మా కెప్టెన్‌కు కూడా అది పేరు వినడమే తప్ప చూసిన పాపాన పోలేదు. నేను జిన్ను ఎంచుకున్నాను, దానికి రంగు లేదు, పండు వాసనకు అడ్డం రాదు. అందులో పడాల్సిన నారింజ మద్యం బదులు, బత్తాయి తొక్కలు వేసి మరిగించిన పంచదార పాకం. మార్చి నెల కాబట్టి తోటల నుంచి అనాబ్ ద్రాక్ష దిగుతోంది. ఆ తెల్ల ద్రాక్షను చెక్క రోకలితో మెల్లగా నలపాలి. గింజ నలిగితే వగరు దిగుతుంది. దాంట్లో పచ్చిమామిడి కోరు పిండిన రసం, నిమ్మరసం, పాకం, జిన్ను పోసి, ఐసు వేసి, షేకరు చేతికి చల్లదనం కొరికేదాకా ఊపి వడగట్టాలి. ఇప్పుడు ఇళ్ళల్లో అన్నీ మిక్సీలో పడేసి గుజ్జులా తిప్పి గ్లాసుల్లోకి ఒంపుతున్నారు. తినడానికి చెంచా ఇవ్వడం ఒక్కటే తక్కువ!

ఉప్పు రాళ్ళ ఉప్పే కావాలి. కచ్చాపచ్చాగా దంచి పళ్ళెంలో పరిచి, గ్లాసు అంచును నిమ్మచెక్కతో తడిపి బోర్లించాలి. సాదా గ్లాసులో జిన్ను చేదుకు బదులు బత్తాయి తొక్క తురుము, గొంతులో మంటకు బదులు అల్లం రసం వేశాను. పక్కపక్కన పెడితే నేనే గుర్తుపట్టలేను, అంత బాగా కుదిరింది. ఆ పనితనానికి నాకు గర్వంగా అనిపించిన మాట నిజం.

విందు రోజు సాయంత్రం స్టేషను దగ్గర ఐసు దిమ్మ కొని, గోనెపట్టాలో రంపపు పొట్టు వేసి చుట్టించి, రిక్షాలో వాళ్ళింటికి చేరాను. విశాలాక్షి గారు వసారా మూల నాకు బల్ల వేయించారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నర్సింగ్ గారూ, ఆయన ప్రాణం ఇవాళ మీ చేతుల్లో పెడుతున్నాను" అన్నారు. "ఫికర్ చెయ్యకున్రి అమ్మా, నా చేత్తోనే ఇస్త" అన్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అక్కడినుంచి ముందుగది మొత్తం కనబడుతుంది.

చీఫ్ ఇంజనీరు గారు, ఆఫీసువాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చారు. చీఫ్ గారిది కాచిగూడలో పాత హైదరాబాదీ కుటుంబం, మనిషి భారీ, మాట ఇంకా భారీ. గ్లాసులు నింపి ట్రేలో సర్దాను. సాదాది నాకు ఎడమ మూల. మర్యాద ప్రకారం మొదటి గ్లాసు అందరికంటే పెద్ద హోదా ఉన్నవారికి, చివరిది ఇంటి యజమానికి. మొదటి గ్లాసు తీసి చీఫ్ గారికి చెయ్యి చాచాను.

"ఏమయ్యోయ్! ఆగు!"

మూర్తి గారి తల్లి. పెద్దాయనను పలకరించడానికి అప్పుడే లోపలినుంచి వచ్చారు. ఆవిడకు ఇదంతా పళ్ళరసమనే చెప్పారు. ఆవిడ చూపు గ్లాసు అంచు మీద ఉంది. "అది ఉప్పు కాదూ? ఉప్పు ఎవరైనా చేతికిస్తారటయ్యా? తగాదాలు రావూ? కింద పెట్టు, వాళ్ళే తీసుకుంటారు."

ఉప్పు చేతికివ్వకూడదని మా అమ్మ కూడా రోజూ చెప్పేది. ఉప్పుగిన్నె కింద పెడితేనే తీసుకునేది. రాళ్ళ ఉప్పు నా చేత్తో నేనే దంచాను, అయినా ఆ మాట తట్టలేదు. గ్లాసుకు అంటుకున్న ఉప్పు ఉప్పు కాకుండా పోతుందా!

చీఫ్ గారు పకపకా నవ్వారు. "అమ్మ చెప్పింది కరెక్టే. మా ఇంట్ల గూడ గిట్లనే అంటరు. గాడ పెట్టు నర్సింగ్" అని టీపాయ్ చూపించారు. చేతిలోని గ్లాసు మళ్ళీ ట్రేలో ఉంచి, ట్రే అక్కడ పెట్టక తప్పలేదు. పెట్టీ పెట్టగానే ఆయన దాన్ని తన వైపు తిప్పుకుని, తలా ఒకటి తీసుకోండంటూ దగ్గరగా ఉన్న గ్లాసు ఎత్తారు. సాదాది. మిగతావాళ్ళు తీసుకోగా చివరికి ట్రేలో మిగిలినది మూర్తి గారు తీసుకున్నారు.

చీఫ్ గారు ఒక గుక్క వేసి కళ్ళు మూసుకున్నారు. "అబ్బ! ఏం జోరున్నదయ్యా! గొంతుల మంట తెలుస్తున్నది. అమెరికాల గూడ గింత ఘాటు లేకుండె."

మూర్తి గారు గ్లాసు మూతి దాకా తెచ్చి ఆగారు. జిన్ను వాసన తెలియని మనిషి కాదు. నా వైపు చూశారు. నేను కదిలీ కదలనట్టు తల అడ్డంగా ఊపాను. గుమ్మంలో విశాలాక్షి గారు తేలికపడ్డ మొహంతో భర్తనే చూస్తున్నారు. అన్నీ అనుకున్నట్టే జరిగాయని ఆవిడ అనుకుంటున్నారు. ఆయన తాగినా ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆ గ్లాసును ఆయన చూసిన చూపు, ఆకలితో ఉన్నవాడు అన్నం పళ్ళేన్ని చూసే చూపు. నాకు భయం వేసింది.

అలాంటప్పుడు మా దగ్గర ఒకే ఉపాయం ఉంటుంది. అంచు విరిగిన గ్లాసు అతిథి చేతిలో కనబడితే వెంటనే వెనక్కి తీసుకోవాలి. దానికి ఎవరూ కాదనరు. ముందుకు వెళ్ళి, "సార్, గా గ్లాసు అంచు విరిగినట్టున్నది. జర ఇటివ్వున్రి, ఇంకోటి తెస్త" అన్నాను.

ఆయన గ్లాసును దీపం వెలుగుకు పట్టి చుట్టూ తిప్పి చూశారు. "అంచు బాగానే ఉంది నర్సింగ్" అన్నారు.

అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "గ్లాసులో ఏ లోపమూ లేదు సార్. ఇందులో మందు ఉంది, నేను తాగకూడదు. నాకొచ్చింది కామెర్లు కాదు. తాగి తాగి పడిపోయాను. మానేశాను. నాకోసం మందు లేకుండా చేయించిన గ్లాసు మీ చేతిలోకి వచ్చింది."

విశాలాక్షి గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చీఫ్ గారు తన గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు. అప్పటికి సగం తాగేశారు.

"అయితే ఇంతసేపు నేను జోరున్నది, ఘాటున్నది అన్నది షర్బతునా?"

"అల్లం రసం సార్" అన్నాను.

ఒక ఆఫీసరు ఆపుకోలేక నవ్వేశాడు. చీఫ్ గారి మొహం ఎర్రబడింది. కాసేపటికి ఆయనే నవ్వారు గానీ అంత సులువుగా రాలేదు ఆ నవ్వు. "గట్లయితే ముందే చెప్పొద్దా మూర్తీ? నేనేమన్న పులినా?" అన్నారు.

అందరికంటే ఆలస్యంగా తేరుకున్నది తల్లి. "కామెర్లన్నావు కదరా నాకు!" అన్నారు. కొడుకు తల వంచుకున్నాడు. ఆవిడ కొంతసేపు అతన్నే చూసి, నా వైపు తిరిగారు. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం లేవు.

"ఆ మందు లేనిది ఇంకోటి కలుపయ్యా, వాడికి. కింద పెట్టు, చేతికివ్వకు."

కలిపాను. కింద పెట్టాను.

ఆనకట్ట పనికి ఆ ఏడు మూర్తి గారిని పంపలేదు. మరుసటి ఏడు పంపారు. ముందు పంపకపోవడానికి కారణం ఆ సాయంత్రమా కాదా నాకు తెలియదు, ఆయన కూడా ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

సాదా గ్లాసు చెయ్యడం నేను ఆ రోజుతో మానేశాను. తర్వాత బార్ కెప్టెన్‌నయ్యాక నా కింది వాళ్ళనూ చెయ్యనివ్వలేదు. తాగనివాళ్ళకు నల్ల ద్రాక్ష వేసి ఎర్రగా కలపమనేవాణ్ణి, రంగు దూరానికే తెలియాలి. మా పనితనం మనిషిని ఒక్క పూట దాచగలదు. ఎవరో ఒక పెద్దావిడ ఉప్పు చూసి ఆగమంటే అది కూడా దాని వల్ల కాదు.

మూర్తి గారు ఆ తర్వాత కూడా ఆఫీసువాళ్ళతో మా బారుకు వచ్చేవారు. తలుపు తీస్తూనే, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా, గది చివరనున్న నాకు వినబడేలా అరిచేవారు.

"నర్సింగ్! నాకు ఎర్రది!"