ఆకు ముందు కూర్చున్న మనిషి

తడిగుడ్డతో తుడిచిన అరిటాకు లైటు కింద కాస్త వేడెక్కగానే ఒక పచ్చి వాసన లేస్తుంది. తిరుపతిలో నా చిన్న స్టూడియోకి హోటళ్ళ మెనూ ఫోటోల పని వచ్చినప్పుడల్లా ఆ వాసనా వస్తుంది. దాంతో చిత్తూరులో ఒక మేడమీది స్టూడియో, అందులో మునిరత్నం సారు గుర్తొస్తారు. నాకు ఫోటో తీయడం నేర్పిన మనిషి ఆయన. మెచ్చుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు.

ఆయన మనుషుల ఫోటోలు తీసేవారు కాదు. ఇత్తడి సామాను, స్వీట్లు, మామిడికాయలు, అంతే. "మనుసులకి నచ్చేట్టు తీసేది నా వల్ల కాదు పాపా. సెంబయితే మూతి ముడవదు," అనేవారు. నేను ఐరాల నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నాయన మూడు నెలలు గడువిచ్చాడు. ఆలోగా సారు నన్ను పనిలో పెట్టుకుంటే సరి, లేకపోతే నోరు మూసుకుని బి.ఇడి.లో చేరాలి. పిల్లలకు పాఠాలు చెప్పే ఓపిక నాకు ఆవగింజంత కూడా లేదు.

మూడో నెల చివర్లో, పెళ్ళి వంటలు చేసే మేస్త్రీ ఒకాయన తన బోర్డు మీదికి విందు ఫోటో కావాలన్నాడు. వంటలన్నీ ఆయనే పంపాడు. "ఇది నువ్వే తియ్యి. బాగుంటే రేపట్నించి పనిలో ఉండు," అన్నారు సారు. నేను రెచ్చిపోయాను. ఆకు నిండా పదకొండు రకాలు వడ్డించి, పక్కన ఇత్తడి దీపం, మల్లెపూలు, తాంబూలం పెట్టాను. కిటికీ వెలుతురు బాగా పడుతోందని ఆకుకు అవతలి వైపు వెళ్ళి తీశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

సారు ఫోటో చూసి, "ఈ ఆకు ముందర ఎవురు కూసోనుండారు?" అని అడిగారు.

"ఎవరూ లేరు సార్. ఫోటో కదా."

"అదే తెలస్తా ఉండాది. కొస యాపక్క ఉండాదో సూడు."

చూశాను. కొస కుడివైపు ఉంది. తినేవాళ్ళకు ఆకు కొస ఎడమవైపు ఉండాలని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను సరిగ్గానే వేశాను, కానీ ఎదుటివైపు నుంచి తీశాను.

"వడ్డించేవాళ్ళ పక్క నిలబడి తీసినావు. ఆకలి ఈ పక్క ఉండాది," అన్నారాయన.

ఆ రోజు నన్ను మధ్యాహ్నం భోజనానికి పోనివ్వలేదు. ఒళ్ళు మండిపోయింది. మూడింటికి ఆ ఆకు ముందే కూర్చోమన్నారు.

"ఆకలైతా ఉండాదా?"

"కడుపులో ఎలకలు పరిగెత్తతా ఉండాయి సార్."

"ముందు సెయ్యి దేనిమీదికి పోతాది?"

"పప్పన్నం మీదికి."

"మరి ఆ దీపం తింటావా?"

దీపం తీసేశాను. మల్లెపూలు, తాంబూలం, ఆ వెనక నాలుగు రకాల వంటలు కూడా వెళ్ళిపోయాయి. ఈసారి వెలుతురు కోసం నేను తిరగకుండా ఆకునే తిప్పాను. కెమెరాను కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు దించి, చెయ్యి వచ్చేందుకు ఆకు ఇవతలి అంచున కాస్త ఖాళీ ఉంచి తీశాను. సారు అది చూసి, "అన్నం తిను. రేపు తొమ్మిదికంతా వచ్చెయ్," అన్నారు.

చల్లారిన ఆ పప్పన్నమే తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, పచ్చడి కారంగా ఉందని చెప్పాను.

ఆయన పోయి మొన్నటికి ఏడాది. చిత్తూరులో సంవత్సరీకానికి వెళ్ళాను. గోడకు ఆనించిన స్టూలు మీద ఆయన పటం పెట్టి, ముందు ఆకు వేసి, ఆయనకిష్టమైనవన్నీ వడ్డించారు. "ఒక ఫోటో తియ్యక్కా," అంది సారు వాళ్ళమ్మాయి.

అలవాటు కొద్దీ తినేవాళ్ళ వైపుకు నడిచాను. అక్కడ నిలబడాలంటే ఆ స్టూలు జరపాలి. చెయ్యి దాని దాకా పోయి ఆగిపోయింది. తిరిగి వచ్చి, వడ్డించేవాళ్ళ వైపు మోకాళ్ళ మీద కూర్చుని తీశాను.

ఫోటోలో ఆకు కొస కుడివైపే పడింది. నేను దాన్ని సరిచేయలేదు. అవతలి వైపు సారు కూర్చుని ఉన్నారు.